చేతిపని – చేతిఖర్చు

నల్లబల్ల మీద నేను వ్రాసిన ఆ జాబితా ఇప్పటికీ నాకు జ్ఞాపకమున్నది. రంగు కాగితాల కట్ట ఒకటి, మెరుపుపొడి సీసాలు రెండు, అంటించే పూలు, జరీ నాడా, జిగురు సీసా, అంచులను అలలు అలలుగా కత్తిరించే కత్తెర. సంక్రాంతి సెలవులకు ముందు ఎనిమిదవ తరగతి పిల్లలచేత శుభాకాంక్షల పత్రికలు, అంటే మనమందరం గ్రీటింగు కార్డులని పిలుచుకొనేవి, చేయించాలని నాకు బుద్ధి పుట్టినది. "దుకాణంలో కొనకండి, మీ చేతితో చేయండి, డబ్బు కలిసి వస్తుంది" అని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చినాను. తరగతిలో 40 మంది. మరునాడు 36 మందే వచ్చినారు. రానివారిలో ముగ్గురు ఆ పైరోజు కనిపించినారు. ఒక బాలిక మాత్రం మూడు రోజులు బడికి రాలేదు.

మూడవ రోజు సాయంకాలం నాకే ఏదో తోచి, బజారుకు పోయి నా జాబితాలోని వస్తువుల ధరలు అడిగినాను. అన్నీ కలిపి నూట ఇరవై రూపాయలకు పైచిలుకు తేలినది. అదే దుకాణంలో, అదే గాజు అరలో, అచ్చువేసిన కార్డు ఒకటి ముప్పై రూపాయలకు ఉన్నది. పొదుపును గురించి ఉపన్యసించిన పెద్దమనిషి పిల్లల తలిదండ్రుల మీద నాలుగింతల ఖర్చు మోపినాడన్న మాట! చేతితో చేసినది చవక అని మనం అలవాటుగా అనుకొంటాం. చేయి ఉచితమే, దాని చుట్టూ చేరే సరంజామా ఉచితం కాదు. ఇప్పుడు చేతిపని పేరుతో అమ్మే వస్తువులలో చేయి చేయవలసిన పనిని ముందుగానే చేసిపెట్టినవే ఎక్కువ. పూవు వారే కత్తిరిస్తారు, వెనుక జిగురు వారే పూస్తారు, పిల్లవాడు ఒలిచి అంటిస్తాడు. ఆ ఒలిచి అంటించే పనికే మనం వెల చెల్లిస్తున్నాం.

ఈ కార్డుల పుట్టుకలోనే ఖరీదు ఉన్నది. ఇంగ్లండులో 1840లో పెన్నీ తపాలా ఏర్పడి, దేశంలో ఏ మూలకైనా ఒక పెన్నీతో ఉత్తరం పోసాగినది. దానితో ఉత్తరాలు పెరిగినవి, వాటికి జవాబులు వ్రాయవలసిన బరువూ పెరిగినది. లండనులో హెన్రీ కోల్ అనే ఉద్యోగి స్నేహితులందరికీ విడివిడిగా వ్రాయడానికి తీరిక లేక, 1843లో జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారునిచేత ఒక బొమ్మ గీయించి, వేయి ప్రతులదాకా అచ్చువేయించినాడు. తాను వాడుకొన్నవి పోగా మిగిలినవి ఒక్కొక్కటి ఒక షిల్లింగుకు అమ్మినారు. షిల్లింగుకు పన్నెండు పెన్నీలు. అంటే కార్డును చేరవేయడానికి ఎంతవుతుందో దానికి పన్నెండింతలు కార్డుకే అయినదన్న మాట. అది సామాన్యుని వస్తువుగా పుట్టలేదు.

ఇంకొక కార్డు కథ కూడా తరగతిలో చెప్పదగినది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత చెకోస్లోవేకియాలో జిట్కా సామ్కోవా అనే ఏడేండ్ల బాలిక, తమకు అందిన సహాయానికి కృతజ్ఞతగా ఐక్యరాజ్యసమితి బాలల నిధికి, అంటే యునిసెఫ్‌కు, ఒక బొమ్మ గీసి ఇచ్చినది. స్తంభం చుట్టూ చేరి ఆడుతున్న బాలికల బొమ్మ అది. ఆ రోజులలో కాగితం దొరకక దానిని గాజు ముక్క మీద చిత్రించినది. 1949లో యునిసెఫ్ వెలువరించిన మొట్టమొదటి గ్రీటింగు కార్డు మీద ఉన్నది ఆ బొమ్మే. ఆ బాలికకు ఎవరూ జాబితా ఇవ్వలేదు.

ఇక మన సంగతికి వస్తాను. ఖర్చు తగ్గించే ఉపాయాలలో మొదటిది బేరమాడటం అనుకొంటారు. నా అనుభవంలో మొదటిది కొలబద్ద. మన ఊళ్లలో చార్టు అని అడిగితే ఇచ్చే కాగితం సాధారణంగా 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు ఉంటుంది. కార్డు అనగానే అందరూ 5 అంగుళాలకు 7 అంగుళాలు అనుకొంటారు. మడత విప్పితే 10కి 7 అవుతుంది. పిల్లలకు చార్టు ఇచ్చి కత్తిరించమంటే, పొడుగు ముక్కను పొడుగు వైపుననే పెట్టి గీస్తారు. 28లో పదులు రెండు, 22లో ఏడులు మూడు: మొత్తం ఆరు కార్డులు. కాగితం వైశాల్యం 616 చదరపు అంగుళాలు, వాడుకొన్నది 420. ఇంచుమించు మూడవ వంతు కత్తిరింపుల బుట్టలోకి పోయినది.

ఇప్పుడు ముక్కను అడ్డంగా తిప్పండి. 28లో ఏడులు సరిగ్గా నాలుగు, 22లో పదులు రెండు: ఎనిమిది కార్డులు. అదే కాగితం, అదే కత్తెర, రెండు కార్డులు అదనం. ఇంకా రెండంగుళాల పట్టీ ఒకటి నిలువునా మిగులుతుంది. దానిని నాలుగు చేస్తే పుస్తకాలలో పెట్టుకొనే గుర్తుపట్టీలు అవుతవి. అది కూడా మిగలకూడదంటే, కార్డును 5 అంగుళాలకు బదులు అయిదున్నర అంగుళాలు చేయండి. విప్పితే 11 అవుతుంది. 22లో పదకొండులు రెండు, వెంట్రుకవాసి తేడా లేదు. కార్డు పెద్దదైనది, వ్యర్థం సున్న అయినది. ఈ లెక్కను మా గణితోపాధ్యాయునికి చూపితే ఆయన ఎంతో సంబరపడి, ఆ వారమంతా ఆరు, ఏడు తరగతులకు ఇదే లెక్క ఇచ్చి పిల్లల ప్రాణాలు తీసినాడు.

కార్డు అంత పెద్దది కానక్కరలేదని నా అభిప్రాయం. 11కి 7 ఉన్న ముక్కను మళ్లీ సగం చేస్తే అయిదున్నరకు ఏడు. దానిని మడిస్తే మూడున్నరకు అయిదున్నర కార్డు, అరచేతిలో ఇమిడేది. ఒక చార్టుకు ఇటువంటివి 16 వస్తవి. మూడు చార్టులకు 48. నలభై మంది పిల్లలకు ఒక్కొక్కటి ఇచ్చి, చేయి తప్పినవారికోసం ఎనిమిది దాచుకోవచ్చును. మా ఊరి దుకాణంలో చార్టు పది రూపాయలు. తరగతి మొత్తానికి ముప్పై రూపాయలు. నా జాబితా ప్రకారం అయితే నలభై ఇండ్లకు కలిపి నాలుగు వేల ఎనిమిది వందలు అయి ఉండేది. పెద్ద చార్టు దొరకనిచోట బడి కార్యాలయాలలో వాడే ఏ-4 కాగితమైనా చాలు. ఆ కొలతలోని సొగసేమంటే, సగానికి మడిచినకొద్దీ దాని ఆకారం మారదు. ఎన్నిసార్లు సగం చేసినా ముక్క వృథా పోదు.

మడత విషయంలో ఒక మాట. యంత్రం మీద తయారైన కాగితంలో నారపోగులు ఎక్కువగా ఒక దిక్కుకే వాలి ఉంటవి. ఆ దిక్కుగా మడిస్తే మడత నున్నగా వస్తుంది. దానికి అడ్డంగా మడిస్తే దళసరి కాగితం చిట్లి, తెల్లని పొట్టు లేస్తుంది. నారల దిక్కు తెలుసుకోవడం సులభం. చిన్న ముక్కకు ఒక వైపు తడి అద్దితే అది చుట్ట చుట్టుకొంటుంది. చుట్ట పొడవు ఏ దిక్కున ఉంటే నారలు ఆ దిక్కున ఉన్నవని అర్థం. కొలత కుదరక అడ్డంగా మడవవలసి వస్తే, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో కొలబద్ద వెంట ఒక గీత నొక్కి గీసి, ఆ గీత మీద మడవాలి. దుకాణాలలో ఇందుకోసం వేరే పనిముట్లు అమ్ముతారు. సిరా అయిపోయిన పెన్నులకు ఏ బడిలోను కరువుండదు.

ఆ మూడు రోజులు రాని బాలిక నాలుగవ రోజున వచ్చినది. చేయి వెనుక ఏదో దాచుకొని నిలబడినది. అడగగా అడగగా బల్ల మీద పెట్టినది: శుభలేఖ వెనుకవైపు మీద చేసిన కార్డు. మధ్యకు మడిచి, అచ్చు ఉన్న ముఖాన్ని లోపలికి తిప్పి, దాని మీద తెల్లకాగితం అంటించి, పైన చుక్కల ముగ్గు ఒకటి సన్నని గీతలతో వేసినది. నాలుగు మూలలా పసుపు మరకలు అలాగే ఉన్నవి.

"మూలలు కత్తిరిస్తే ఇంకా బాగుండేది కదమ్మా" అన్నాను.

"మా నాయనమ్మ కొయ్యనివ్వలేదండి మాస్టారూ. పసుపు తీసేస్తే ఇక శుభమేముంది అన్నదండి" అని తల వంచుకొన్నది.

నేను మాటాడలేదు. నా జాబితాలో లేని వస్తువులతో, తరగతి మొత్తం మీద అందమైన కార్డు చేసిన పిల్ల, అది తక్కువదని తలచి మూడు రోజులు ఇంట్లో కూర్చున్నది. అలా తలచేటట్లు చేసినది నల్లబల్ల మీది నా వ్రాతే.

శుభలేఖలను గురించి ఆ రోజునుంచే నేను ఆలోచించడం మొదలుపెట్టినాను. మన తెలుగువారి ఇండ్లలో ఇంత మంచి దళసరి కాగితం ఇంత ఉచితంగా వచ్చేది ఇంకేదీ లేదు. పెండ్లి అయిపోయిన తరువాత దానిని పారవేయడానికి మనసొప్పదు. మీద వినాయకుడు ఉంటాడు, మూలలకు పసుపు ఉంటుంది. కనుక దూలం సందున, బీరువా పైన, దేవుని అర క్రింద ఏండ్ల తరబడి పేరుకొంటవి. పిల్లలను తెమ్మంటే ఒక్క వారంలో మా బల్ల మీద గుట్ట పడినది. బంగారు వన్నె వినాయకుని జాగ్రత్తగా కత్తిరించి కొత్త కార్డు మీద అలంకరిస్తే ఆయనకూ అపచారం లేదు. లోపలి పలుచని కాగితాలు, సిల్కు దారాలు, పైకవర్లు, అన్నీ పనికివస్తవి. పాత కేలండరు కాగితం వెనుకవైపు కూడా ఇంతే తెల్లగా, నున్నగా ఉంటుంది. కాని దాని నునుపు మీద నీటిరంగు నిలవదు, పెన్సిలు జారుతుంది. దానిని కవర్లకు వాడుకోవడం మేలు.

ముద్రణాలయం దగ్గరలో ఉన్నవారికి మరొక గని ఉన్నది. హైదరాబాదులో ఛత్తాబజారు వీధిలో నడచినవారికి తెలుసును, శుభలేఖలు అచ్చువేసే దుకాణాలు అక్కడ వరుసగా ఉంటవి. అటువంటి చోట్ల, చిన్న ఊరి అచ్చుశాలలలో కూడా, కత్తిరింపు యంత్రం క్రింద రంగురంగుల దళసరి పట్టీలు రోజూ రాలుతవి. వాటిని తూకానికి అమ్మివేస్తారు. ఉపాధ్యాయుడు స్వయంగా వెళ్లి బడిపిల్లల కోసమని అడిగితే తూకం కూడా వేయరు. నన్ను ఒక అచ్చుశాల యజమాని కూర్చోబెట్టి టీ ఇచ్చి, సంచి నింపి పంపినాడు.

జిగురుకు సీసా కొననక్కరలేదు. ఒక చెంచా మైదాను అయిదు చెంచాల నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, సన్నని సెగ మీద అది మెరిసేదాకా తిప్పితే చాలును. పలుచగా పూసి, అంటించినదానిని బరువైన పుస్తకాల క్రింద ఒక రాత్రి ఉంచాలి. లేకపోతే కార్డు అప్పడంలాగ వంకర పోతుంది. పుస్తకాలు కుట్టేవారు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల చేతికి ఇవ్వరాదు. రెండు రోజులకు సరిపడా మాత్రమే ఉడికించుకొంటే ఏదీ కలపనక్కరలేదు. చింతగింజల పిండి జిగురు ఇంకా గట్టిది. కొండపల్లిలో బొమ్మల అవయవాలను అతికేది చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతోనే. చేర్యాల నకాషీ చిత్రకారులు పటానికి గుడ్డను సిద్ధం చేసేటప్పుడు పూసే పూతలో సుద్దమట్టితో పాటు చింతగింజల అంబలి కూడా చేరుతుంది. ఆ గింజలను మనం ఊసివేస్తున్నాం.

రంగుల దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఏలనంటే ఇక్కడ పొదుపుతో పాటు పాఠం కూడా ఉన్నది. పసుపు నీళ్లు పూసి ఆరబెట్టిన కాగితం మీద సున్నపు తేటలో ముంచిన పుల్లతో వ్రాస్తే ఎర్రని అక్షరాలు పుట్టుకొస్తవి. వాటి మీద నిమ్మరసం రాస్తే మళ్లీ పసుపు పచ్చ. క్షారం, ఆమ్లం అని పుస్తకంలో చదివినప్పుడు నిద్రపోయిన పిల్లవాడు ఇక్కడ లేచి నిలబడతాడు. సున్నం కంటిలో పడకుండా మాత్రం పెద్దలు దగ్గర ఉండాలి. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది కనుక ఆ కార్డును పుస్తకంలో దాచుకొమ్మని చెప్పాలి.

నలుపు రంగు శ్రీకాళహస్తి వారి దగ్గర నేర్చుకోవచ్చును. కలంకారీ పనివారు పాత ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో వేసి, కుండలో రోజుల తరబడి పులియబెట్టి, కసిమి అనే ద్రవం చేస్తారు. దానితో కరక్కాయ రసం పట్టించిన గుడ్డ మీద గీసిన గీత నల్లబడుతుంది. ఇనుముకు, కరక్కాయలోని వగరుకు కలిగే సంయోగం అది. మేము బడిలో కుండ పెట్టలేదు. కరక్కాయలు దంచి కాచిన కషాయంలో తుప్పు పట్టిన మేకులు వేసి కొన్నాళ్లు మూలన ఉంచినాము. సిరా తయారైనది. వ్రాసేటప్పుడు లేతగా కనిపించి, గాలి తగిలినకొద్దీ నల్లబడుతుంది. "మాస్టారూ, ముదురుతున్నది, ముదురుతున్నది" అని పిల్లలు చేసిన గోలకు పక్క తరగతి వారు వచ్చి చూసినారు.

అచ్చులకు వంటింటిని మించిన దుకాణం లేదు. బెండకాయ తొడిమవైపు అడ్డంగా కోస్తే అయిదు కోణాల పూవు. ఉల్లిపాయ సగం చేస్తే వలయాలు. బంగాళాదుంప మీద మీకు ఏది కావాలంటే అది చెక్కుకోవచ్చును. కూరకు పనికిరాని ముదురు బెండకాయే అచ్చుకు మంచిది. రావి ఆకులను కొన్ని వారాలు నీటిలో నాననిస్తే పచ్చదనం కుళ్లిపోయి సన్నని జాలి మిగులుతుంది. మెత్తని కుంచెతో కడిగి, ఆరబెట్టి అంటిస్తే ఆ పనితనానికి సాటివచ్చే జరీ నాడా ఏ దుకాణంలోను లేదు. నీళ్లు కంపు కొడతవి, అంతే.

పొదుపు చేయరాని చోట్లు కూడా ఉన్నవి. కత్తెర మొద్దుదైతే మూడు చార్టులూ పాడవుతవి. కనుక మంచి కత్తెరలు నాలుగు, ఇనుప కొలబద్దలు రెండు బడి తరఫున ఒకసారి కొని పెట్టుకోవాలి. అవి ఏండ్లకు వస్తవి. ఏ ఒక్క పిల్లవాడూ విడిగా కొననక్కరలేదు. మెరుపుపొడిని మాత్రం నేను పూర్తిగా మానివేసినాను. అది నేల మీద, పుస్తకాలలో, జుట్టులో, మధ్యాహ్న భోజనంలో కూడా కనిపిస్తుంది. ప్లాస్టిక్ పొడి అది, మట్టిలో కలవదు. బడి ఊడ్చే ఆమె నన్ను చూసిన చూపుకు కూడా భయపడి ఉంటాను.

కవరు సంగతి ముందే ఆలోచించాలి. కార్డు చేసిన తరువాత కవరు వెదికితే సరిపోయేది దొరకదు, దానికోసం మళ్లీ ఖర్చు. మూడున్నరకు అయిదున్నర కార్డుకు ఒకవైపు వాడిన ఏ-4 కాగితంతోనే కవరు వస్తుంది. అయిదున్నరకు ఏడు కార్డుకు ఆ కాగితం చాలదు, కేలండరు కాగితం కావాలి. చిన్న కార్డును నేను ఇష్టపడటానికి ఇది రెండవ కారణం. మూడవది తపాలా. ఉత్తరం బరువు 20 గ్రాములు దాటితే ఎక్కువ బిళ్లలు అంటించాలి. మా చిన్న కార్డు, కవరు కలిపి 10 గ్రాములకు లోపే తూగుతవి. అద్దాలు, పూసలు, మూడు పొరల పూలు అంటించిన కార్డు ఆ హద్దును సులభంగా దాటుతుంది; పైగా తపాలా ముద్ర క్రింద పూసలు పొడి అవుతవి. ఇప్పుడు అందరూ సెల్‌ఫోన్‌లో శుభాకాంక్షలు పంపుకొంటున్నారు, తపాలా ఎందుకంటారా? మా పిల్లలలో చాలామందికి తమ పేరుతో ఉత్తరం ఎన్నడూ రాలేదు. అందుకని చీట్లు వేసి, ఒకరికొకరు బడి చిరునామాకే పంపుకొనేటట్లు చేసినాను. తపాలా జవాను సంచి విప్పి పేర్లు చదువుతుంటే తరగతి అంతా ఊపిరి బిగపట్టినది.

ఇప్పుడు నల్లబల్ల మీద జాబితా వ్రాయను. తరగతి మూలన ఒక అట్టపెట్టె ఉంటుంది. ఎవరి ఇంట్లో ఏది ఉంటే అది, ఎవరు తెచ్చినారో తెలియకుండా అందులో వేస్తారు: శుభలేఖలు, అచ్చుశాల పట్టీలు, దర్జీ దుకాణపు గుడ్డపీలికలు, చీరల పెట్టెల అట్టలు. ఏమీ తేనివారు కూడా అందులోనుంచే తీసుకొంటారు. పెట్టెకు తాళం లేదు, పద్దు లేదు.

నిరుడు మూడు చార్టులు కోసినాము, 48 ముక్కలు వచ్చినవి. చేయి తప్పేవారికోసం ఎనిమిది విడిగా పెట్టినాను. ఇద్దరే తప్పినారు. మిగిలిన ఆరింటిలో ఒకటి వంట చేసే ఆమె తన మనుమరాలికని అడిగి తీసుకొన్నది. రెండు పిల్లలు తపాలా జవానుకు చేసి ఇచ్చినారు. ఒకటి గణితోపాధ్యాయుడు అడగకుండానే తీసుకొన్నాడు. తక్కినవి రెండూ పెట్టెలో ఉన్నవి, ఈ సంక్రాంతికి లెక్కలో చేరుతవి.